బోరు నీళ్లతో కారు కడుగుతున్నారా? తెల్ల మచ్చలు పడకుండా రెండు బకెట్లు చాలు

చిలమత్తూరు: శ్రీసత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న చిలమత్తూరులో కారు ఉన్నవాళ్లకు రెండు ఇబ్బందులు తప్పవు. ఒకటి దుమ్ము, రెండోది ఉప్పు నీళ్లు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి బెంగళూరు వెళ్లొచ్చినా, పొలం దారిలో తిరిగొచ్చినా బండి మీద ఎర్రటి పొర పేరుకుంటుంది. దాన్ని కడగడానికి ఎక్కువ మందికి దొరికేది బోరు నీళ్లే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి ఆ నీళ్లూ పొదుపుగా వాడాల్సిందే.

మచ్చలు ఎందుకు పడతాయి?

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీటి చుక్క ఎండలో ఆరిపోతే నీరు ఆవిరవుతుంది, లవణం మాత్రం పెయింట్ మీదే మిగిలిపోతుంది. అదే తెల్ల మచ్చ. చాలా రోజులు అలాగే వదిలేస్తే పెయింట్ మెరుపు పోతుంది, మామూలుగా కడిగితే మచ్చ వదలదు. అందుకే ఎన్ని నీళ్లు పోశాం అన్నదానికంటే, ఆరేలోపు తుడిచామా లేదా అన్నదే ముఖ్యం.

ఆర్‌ఓ ప్లాంటు నుంచి బయటికి వదిలే నీళ్లను పట్టుకొచ్చి కారు కడగడం కొందరికి అలవాటు. ఆ నీళ్లలో బోరు నీళ్లకంటే లవణాలు ఎక్కువగా ఉంటాయి. వాటిని రబ్బరు మ్యాట్లకు, టైర్లకు వాడుకోవచ్చు కానీ బాడీ మీద పోయకూడదు. వాన పడినప్పుడు కప్పు మీది నీళ్లను డ్రమ్ములో పట్టుకుంటే అంతకంటే మంచి నీళ్లు లేవు. వాన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. మొదటి జల్లు మురికి పోయాకే పట్టుకోవాలి.

రెండు బకెట్ల పద్ధతి

పైపు పెడితే నిమిషానికి 10 నుంచి 20 లీటర్ల దాకా పోతాయి. పది నిమిషాలకే 100 లీటర్లు దాటిపోతుంది. 2024 మార్చిలో నీటి కొరత వచ్చినప్పుడు బెంగళూరు జల మండలి, తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. బకెట్లతో కడిగితే 30, 40 లీటర్లలో పని అయిపోతుంది.

పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ నీడలో, బానెట్ చల్లారాకే మొదలుపెట్టాలి. పొడి గుడ్డతో దుమ్ము దులపకూడదు. దుమ్ములోని ఇసుక రేణువులు పెయింట్‌ను గీరేస్తాయి. ముందు ఒక మగ్గుతో పైనుంచి నీళ్లు జారవిడిచి దుమ్మును కిందికి దింపాలి. ఒక బకెట్‌లో కార్ షాంపూ నీళ్లు, రెండో దాంట్లో మామూలు నీళ్లు పెట్టుకోవాలి. మైక్రోఫైబర్ గుడ్డను షాంపూలో ముంచి ఒక భాగం రుద్దగానే, రెండో బకెట్‌లో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. టాప్, అద్దాలు, బానెట్, డోర్లు, చివరికి కింది భాగం. చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. బట్టల సర్ఫు, గిన్నెల సబ్బు వాడితే వ్యాక్స్ పొర పోతుంది.

ఒక్కో భాగం కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. నాలుగు వైపులా కడిగాక తుడుద్దాంలే అనుకుంటే ఈ ఎండకు మొదటి వైపు ఆరిపోతుంది. పక్షుల రెట్టలు పడితే వారం దాకా ఆగకుండా, తడి గుడ్డను కాసేపు మీద ఉంచి మెత్తబడ్డాక తీసెయ్యాలి. పాత తెల్ల మచ్చలుంటే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, ముందు కనపడని చోట పరీక్షించాలి. తర్వాత మచ్చల మీద రాసి, ఒకటి రెండు నిమిషాల్లో కడిగి తుడవాలి.

లోపల నీళ్లు పొయ్యొద్దు

మ్యాట్లు బయటికి తీసి దులిపి, సీట్ల సందుల్లో బ్రష్‌తో దుమ్ము తీయాలి. డ్యాష్‌బోర్డును పిండిన తడి గుడ్డతో తుడిస్తే చాలు. లోపల నీళ్లు పోస్తే కార్పెట్ కింద తేమ ఉండిపోయి వాసన వస్తుంది, వైరింగ్‌కూ ముప్పే. స్టీరింగ్‌కు, పెడల్స్‌కు మెరుపు పాలిష్ రాస్తే చెయ్యి, కాలు జారే ప్రమాదం ఉంది.

ఏసీ గాలి తగ్గితే కేబిన్ ఫిల్టర్ చూడాలి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. దుమ్ము ఎక్కువున్న ఊళ్లలో కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే నిండిపోతుంది. వైపర్ నీళ్ల ట్యాంకులో బోరు నీళ్లు పోస్తే సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి. అందులోకి క్యాన్ నీళ్లు వాడటమే మేలు. డోర్ల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుంటే లోపలే తుప్పు మొదలవుతుంది, వాటిని పుల్లతో శుభ్రం చేసుకోవాలి.

కడిగిన తర్వాత బ్రేకులు తడిగా ఉంటాయి. హైవే ఎక్కకముందే నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేక్ వేసి, పట్టు వచ్చిందో లేదో చూసుకోవాలి.