స్కీలకు తాళము

మంచుదేశములలో పాదములకు తగిలించుకొని కొండవాలుపై జారుటకు ఉపయోగించు పొడవైన సన్నని పలకలకు స్కీలు అని పేరు. ఒకప్పుడు వీనిని కొయ్యతో మాత్రమే చేసెడివారు. నేడు కొయ్య, గాజునార, లోహము, ప్లాస్టిక్ మున్నగువానిని పొరలుపొరలుగా అతికించి చేయుచున్నారు. నార్వే మొదలగు ఉత్తర దేశములలో ఇవి వినోదమునకై పుట్టినవి కావు. శీతకాలమున ఒక యూరినుండి వేరొక యూరికి పోవుటకును, వేటకును ఇవి సాధనములుగా నుండెను. క్రమముగా క్రీడగా ప్రబలి, 1924లో ఫ్రాన్సులోని షామొనీలో జరిగిన మొదటి శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో స్థానము సంపాదించినవి. మన దేశమున కాశ్మీరములోని గుల్మార్గు ఈ క్రీడకు ప్రసిద్ధి చెందినది. ఆ ప్రాంతమున పెరిగిన ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగు శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున స్కీ పందెములందు పాల్గొనెను.

తెలుగునాట మంచుకొండలు లేవు. ఐనను చదువులకును, ఉద్యోగములకును చలిదేశములకు పోయిన మన యువతీయువకులును, సెలవులలో గుల్మార్గునకో ఔలీకో పోవు కుటుంబములును ఈ క్రీడను రుచి చూచుచున్నారు. అట్టివారిలో పెక్కుమంది స్కీలను కొనక అద్దెకు తీసికొందురు. అద్దె కొద్దిపాటిదే. కాని స్కీలు పోయినచో, పెక్కు అద్దె ఒప్పందముల ప్రకారము చెల్లింపవలసినది ఆ స్కీల వెల. పరిమితమైన సొమ్ముతో నెల గడుపుకొను విద్యార్థికి అది చిన్న దెబ్బ కాదు. కావున ఈ తాళపు ముచ్చట మనకు సంబంధింపనిదని త్రోసివేయుటకు వీలులేదు.

ముందుగా స్కీల దొంగతనము ఎట్లు జరుగునో తెలిసికొనవలెను. ఉదయమంతయు జారి అలసినవారు మధ్యాహ్నము భోజనశాలకు వత్తురు. స్కీలను లోనికి కొనిపోవుట వాడుక కాదు. వానిని వాకిటనున్న కొయ్య చట్రమునకు ఆనించి లోనికి పోవుదురు. అచ్చట వందలకొలది జతలు వరుసగా నిలిచియుండును. అద్దె స్కీలైనచో ఒకే రంగు, ఒకే పేరు, ఒకే పొడవు. అట్టిచోట ఒకడు వచ్చి ఒక జతను భుజముపై వేసికొని పోయినచో ఎవ్వరును తలయెత్తి చూడరు. అచ్చట తిరుగువారందరును భుజముపై స్కీలు మోయువారే. దొంగకును దొరకును వేషమొక్కటే!

ఈ వ్యాపారమునకు కీలకమిదియే. స్కీల దొంగకు కావలసినది బలము కాదు, పనిముట్టు కాదు. ఎవరి కంటను పడకపోవుట. ఎంత చిన్న తాళమున్నను అతడు ఆగవలెను, వంగవలెను, కత్తెర తీయవలెను, లేదా అంకెలు త్రిప్పుచు నిలువవలెను. అప్పుడు అతని వేషము మారిపోవును. నలుగురు నడచుచోట కత్తెర చేతబట్టి నిలుచుటకు సాహసింపక, అతడు తాళములేని ప్రక్క జతకు పోవును. రైలుప్రయాణమున మనవారు క్రింది బెర్తు అడుగుననున్న ఇనుప కొక్కెమునకు పెట్టెను గొలుసుతో కట్టి తాళము వేసి నిద్రింతురు. ఆ గొలుసు తెగనిదని కాదు. దానిని తెంపబోయినచో చప్పుడగును, ఆలస్యమగును, ఎవరైన మేల్కొందురు. స్కీల తాళమునకును ధర్మమిదియే.

ఏ తాళమును తెరువరానిది కాదని చరిత్రయే చెప్పుచున్నది. లండను నగరమున జోసెఫ్ బ్రామా అను శిల్పి 1784లో ఒక తాళమునకు పేటెంటు పొందెను. దానిని తాళపుచెవి లేకుండ తెరచినవారికి 200 గినీలు ఇత్తుమని ప్రకటించి ఆ సంస్థవారు ఒక తాళమును తమ అంగడి కిటికీలో ఉంచిరి. దశాబ్దములు గడచినను దానిని ఎవ్వరును తెరువలేకపోయిరి. 1851లో ప్రపంచవస్తు ప్రదర్శనమునకు వచ్చిన అమెరికావాసి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ పదునారు దినములలో, మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తెరచెను. అదే యేట మరియొక ప్రసిద్ధమైన చబ్ తాళమును 25 నిమిషములలో తెరచెను. నాడు ఇంగ్లండులో ఎందరో కలవరపడిరి. కాని మనము గ్రహింపవలసినది వేరు. తాళము వస్తువును కాపాడదు. కాలమును సంపాదించి ఇచ్చును. కావున తాళమును ఎన్నుకొనువాడు “ఇది తెగునా, తెగదా?” అని అడుగుట కంటె “నాకు ఎంతసేపు కావలెను, ఎట్టి చోట కావలెను?” అని అడుగుట మేలు.

పట్టపగలు, జనులు తిరుగుచోట, అరగంట భోజనమునకు చిన్న తాళము చాలును. స్కీలకై అమ్ము తాళములలో ఎక్కువ వాడుకలోనున్నది అరచేతిలో ఇముడు డబ్బీవంటిది. దానిలోనుండి సన్నని ఉక్కుతీగల త్రాడును వెలికి లాగి, స్కీలకును చట్రమునకును చుట్టి, కొనను మరల డబ్బీలో గ్రుచ్చి అంకెలు చెదరగొట్టవలెను. పని ముగిసిన పిమ్మట త్రాడు తనంతట తాను లోనికి చుట్టుకొనును. త్రాడు మందము సాధారణముగా రెండు మూడు మిల్లీమీటర్లు. గట్టి తీగకత్తెరకు ఇది క్షణములో తెగునని తెలిసియే కొనవలెను. సైకిళ్లకు వాడు దళసరి ఉక్కు కమ్మీతాళము దీనికంటె ఎన్నో రెట్లు గట్టిది. కాని కిలోగ్రాముకు పైగా తూగు తాళమును జేబులో వేసికొని కొండపై జారువాడెవ్వడు? అది గదిలోనే ఉండిపోవును. వెంట లేని గట్టి తాళము కంటె వెంటనున్న సామాన్యపు తాళము మేలు.

చెవితాళము మంచిదా, అంకెల తాళము మంచిదా అను ప్రశ్న కలదు. చలిలో, మందమైన చేతితొడుగులతో, చిన్న తాళపుచెవి మంచులో జారిపడినచో వెదకుట వ్యర్థము. కావున స్కీలకు అంకెల తాళమే అనుకూలము. అయితే అంకెల చక్రములెన్ని? మూడు చక్రములున్నచో 000 మొదలు 999 వరకు వేయి సంఖ్యలు. సెకనుకొక సంఖ్య చొప్పున ప్రయత్నించువాడు 16 నిమిషముల 40 సెకనులలో అన్నిటిని ముగింపగలడు. సగటున ఎనిమిది నిమిషములకే సరియైన సంఖ్య తగులును. నాలుగు చక్రములున్నచో పదివేల సంఖ్యలు. అన్నియు చూచుటకు రెండు గంటల 46 నిమిషములు పట్టును. వెలలో భేదము కొంచెము, కాలములో భేదము పదిరెట్లు. కావున నాలుగు చక్రములదే కొనవలెను.

ఈ లెక్కను మనమే చెడగొట్టు మార్గములును కలవు. కొత్త తాళము తరచుగా 000 అను సంఖ్యతో వచ్చును; దానిని మార్చకయే వాడుట మొదటి పొరపాటు. జన్మసంవత్సరమును పెట్టుట రెండవది. మొదటి రెండంకెలు 19 గాని 20 గాని అగును గదా! పదివేల సంఖ్యలలో పరీక్షింపవలసినవి కొన్ని పదులే మిగులును. తాళము వేసి ఒక్క చక్రమును మాత్రము త్రిప్పి విడుచుట మూడవది. దొంగ ఒక్కొక్క చక్రమును ఇటొక అంకె, అటొక అంకె కదల్చి చూచును. కావున చక్రములన్నిటిని చెదరగొట్టవలెను.

తాళము మంచిదైనను వేయు విధము తెలియనిచో ఫలము లేదు. స్కీపై బూటును పట్టియుంచు బంధకములు ముందొకటి, వెనుకొకటి ఉండును. త్రాడును ఈ రెండు బంధకముల నడుమ బిగువుగా చుట్టవలెను. అప్పుడది ముందుకును, వెనుకకును జారిరాదు. వదులుగా చుట్టినచో స్కీని త్రాడునుండి ఊడలాగుకొనవచ్చును. రెండు స్కీలను జతగా కట్టి ఊరకొనుట వలనను లాభము తక్కువ. దొంగ ఆ కట్టను కట్టగానే భుజమునకెత్తును. త్రాడు చట్రములోని కదలని కమ్మి నడుమనుండి పోవలెను. చట్రము పైనుండి ఎత్తి తీయుటకు వీలులేకుండ చూచుకొనవలెను. త్రాడునకు తగినంత పొడవున్నచో చేతికఱ్ఱల తోలుపట్టీలనుగూడ దానిలో గ్రుచ్చవచ్చును.

తాళము లేనినాడు కాసు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. జతను విడదీసి ఒక స్కీని ఈ చివరను, రెండవదానిని ఆ చివరను నిలుపవలెను. మిత్రులిద్దరున్నచో ఒకరి స్కీని మరియొకరి స్కీతో కలిపి నిలుపవచ్చును. ఒంటి స్కీ దొంగకు పనికిరాదు. జతకై వరుసలో వెదకుచు తిరుగుట అతనికి ఇష్టముండదు. అయితే ఎచ్చట పెట్టితిమో మనము మరువరాదు. ఒకేరకపు అద్దె స్కీలకు రంగుగుడ్డ గాని, అంటుకాగితము గాని గుర్తుగా పెట్టుట మంచిది. పోయిన స్కీలన్నియు దొంగలే కొనిపోరు. తమవనుకొని పొరబాటున కొనిపోవువారును ఉందురు.

రాత్రి సంగతి వేరు. చీకటిలో చూచువారుండరు; దొంగకు సమయము కొఱత లేదు. సన్నని త్రాడు అప్పుడు అలంకారమాత్రమే. స్కీలను గదిలోనికి తెచ్చుకొనవలెను, లేదా విడిదివారి తాళపు గదిలో ఉంచవలెను. కారు పైకప్పుమీది చట్రమునకు తాళమున్నను రాత్రియంతయు అచ్చట విడుచుట తగదు.

చలి తాళమునకును శత్రువే. తడిసిన తాళములోని నీరు గడ్డకట్టి చక్రములు కదలవు. వేడినీరు పోసినచో ఆ నీరే మరల గడ్డకట్టును. లోపలిజేబులో ఉంచుకొని ఒంటివేడిమి తగులనిచ్చుట, చెవితాళమైనచో గ్రాఫైటు పొడిని వేయుట మంచిది. చిక్కని నూనె చలికి మడ్డియగును.

2021 నుండి అంగళ్లలోనికి వచ్చిన ఎయిర్‌ట్యాగ్ వంటి చిన్న బిళ్లలు రేడియో తరంగముల ద్వారా తమ ఉనికిని చుట్టుప్రక్కల ఫోనులకు తెలుపుచు, ఆ వార్తను యజమానికి చేర్చును. కాని బిళ్ల దొంగను ఆపదు. పోయిన వస్తువు జాడ చెప్పగలదు, అంతియే. జాడ తెలిసినను తామే పోయి కలహింపక పోలీసులకు తెలుపవలెను.

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు గాకుండ, ముందే చేయవలసిన పని మరియొకటి కలదు. స్కీల పేరు, పొడవు, వానిపైనున్న సంఖ్య వ్రాసియుంచి, ఛాయాచిత్రము తీసికొనవలెను. అద్దె ఒప్పందములో దొంగతనమును గూర్చి ఏమి వ్రాసియున్నదో సంతకమునకు ముందే చదువవలెను. పోయినచో వెంటనే ఆ స్థలపు కార్యాలయమునకును, పోలీసులకును తెలిపి, ఫిర్యాదు నకలు పుచ్చుకొనవలెను. భీమా ఉన్నచో ఆ కాగితము అడుగుదురు.

తాళము వేసినచో ప్రక్కవారిని శంకించినట్లగునని సంకోచించువారు కొందరు కలరు. ఆ సంకోచము మంచి మనస్సునుండి వచ్చినదే. కాని ఇంటి తలుపునకు గడియ వేయువాడు వీథివారినందరిని దొంగలనుట లేదు గదా! తాళము వేసిన స్కీలను ఎవ్వరును పొరబాటున కొనిపోరు. కావున మంచివాడు నిందపాలు కాడు. చలిదేశమునకు పయనమగు పిల్లలకు ఉన్నిబట్టలు, ఊరగాయలు సర్దునప్పుడు పెట్టెలో ఒక మూల నాలుగంకెల తాళమునకును చోటీయవలెను. దాని వెల స్వల్పము, బరువు అంతకన్న స్వల్పము.