తాళపత్రములందలి జినరూపములు

యానామునుండి పిఠాపురము వఱకు గల సీమలో జైనమతము రాతిని మిగిల్చినది, ఆకును మిగుల్చలేదు. ఆర్యావటము, జల్లూరు, పిఠాపురము మున్నగుచోట్ల జినవిగ్రహములు కానవచ్చినవి. కొన్నియెడల జనులు వానిని సన్యాసిదేవుడని కొలిచిరి. తూర్పుచాళుక్యరాజగు రెండవ అమ్మరాజు (945–970) చామెకాంబ విన్నపమున, అత్తిలినాటి కలుచుంబఱ్ఱు గ్రామమును సర్వలోకాశ్రయ జినభవనపు సత్రము మరమ్మతులకై యొసగినట్లు తామ్రశాసనము చెప్పుచున్నది. ఇంతటి రాజాదరణము గాంచిన మతమునకు గ్రంథములు లేకుండునా? ఉన్నచో అవి యేమైనవి?

కన్నడసీమలోని మూడబిదిరె బసదిని చూచిన నీ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును. అచ్చట షట్ఖండాగమమునకు వ్యాఖ్యయగు ధవళ మున్నగు తాళపత్రగ్రంథములు, పండ్రెండవ శతాబ్ది నాటివి, చిత్రములతో నిలిచియున్నవి. మూలగ్రంథకర్తలు పుష్పదంత భూతబలులు. గిరినగరమందలి ధరసేనాచార్యుని కోరికపై వారిరువురును ఆంధ్రవిషయమునందలి వేణానదీతీరమునుండి పంపబడిరని ధవళయే పలుకుచున్నది. మనసీమనుండి వెడలిన మునుల విద్యను పరసీమ కాపాడినది!

ఆ యిరుకైన ఆకులపై అక్షరపంక్తుల సరసనే జినులును, యక్షిణులును, ఉపాసకులును రంగులలో వెలయుచున్నారు. జినుని చేత ఆయుధము లేదు, మేన ఆభరణము లేదు. పడగనుబట్టి పార్శ్వనాథుని, భుజములపై వ్రాలిన జటలనుబట్టి ఋషభుని, సింహలాంఛనమునుబట్టి మహావీరుని గుర్తింపవలెను. అంబికాయక్షి యన్ననో సొమ్ములు దాల్చి బిడ్డలతో నుండును. గుజరాతు శ్వేతాంబరుల కల్పసూత్రచిత్రములలో జినునకును కిరీటహారములుండును. చెక్కిలి దాటి పొడుచుకొనివచ్చిన కన్ను వాని గుఱుతు.

మూడబిదిరెవారు ఆ గ్రంథములను చిరకాలము చదువుటకంటె పూజించుటయే యెక్కువ. పూజవలన అవి నిలిచినవి. పూజవలననే పండితులకు దూరమైనవి. తుదకు నకళ్లు వెలువడి, 1939లో హీరాలాల్ జైను సంపాదకత్వమున ధవళ ప్రథమసంపుటము అచ్చుపడినది.

మనయెడ పూజించువారును లేరైరి, నకలు వ్రాయువారును లేరైరి. తేమయు చెదలును గల డెల్టాలో తాటియాకు తనంత తాను నిలువదు. ప్రకృతి చేసిన చేటు చాలదన్నట్లు, పాతకట్టలను గోదావరిలో కలిపితిమి, భోగిమంటలలో వేసితిమి. కాకినాడ ఆంధ్రసాహిత్యపరిషత్తును, రాజమహేంద్రవరపు గౌతమీగ్రంథాలయమును పూనుకొనకున్న, నేడు మిగిలిన కొన్నియైనను మిగులకుండెడివి.

కావున అటకపై తాటియాకుకట్టలుగల గృహస్థులను మేము కోరునది యొక్కటే: వానిని తెలిసినవారికి చూపుడు. జైనగ్రంథమే దొరకునని మేము చెప్పజాలము. విప్పిచూడక మున్నే లేదనుట మాత్రము తగదు.