ఇంటిపేరు చెప్పే వలస కథ: ఖరగ్‌పూర్ తెలుగువారు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి విద్యార్థి ఒకరు తన పూర్వీకుల ఊరేదో తెలుసుకోవాలనుకుంటే మొదట ఏ ఆధారం చూడాలి? తన ఇంటిపేరును చూడాలి. ఇంటిపేరు ఏమి చెబుతుంది, ఏమి చెప్పలేదు, ఎలా చెరిగిపోతుంది? ఈ మూడు ప్రశ్నలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

రైలు దారి వెంట వలస

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1900 నాటికి ఖరగ్‌పూర్ ఆ కంపెనీకి ముఖ్యమైన జంక్షన్ అయింది. తరువాత అక్కడ పెద్ద వర్క్‌షాపు వెలిసింది. 1902లో తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం కూడా ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారికి ఖరగ్‌పూర్ ఒకే రైలు దారిలో చేరుకోగల ఊరైంది. పని దొరికినవారు బంధువులను, ఊరివారిని పిలిపించుకున్నారు. ఇలా ఒకరి వెంట ఒకరు వెళ్లడాన్ని గొలుసు వలస అంటారు. ఆ రాష్ట్రంలో తెలుగువారి సంఖ్య ఎంత పెరిగిందంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది.

ఊరు విడిచాకే ఊరి పేరు

మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల నుంచి వచ్చినవే. వ్యాకరణం దీనికి సాక్ష్యం. 'ఊరు' అనే మాట 'ఊరి' అవుతుంది, 'పాడు' అనే మాట 'పాటి' అవుతుంది. కందుకూరు నుంచి కందుకూరి, పూసపాడు నుంచి పూసపాటి ఇలాగే వచ్చాయి. 'కందుకూరి' అంటే 'కందుకూరుకు చెందిన' అని అర్థం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కందుకూరులో అందరూ కందుకూరువారే. కాబట్టి ఆ ఊళ్లో ఉన్నంతకాలం ఆ పేరుతో ఒకరిని గుర్తుపట్టలేం. వేరే ఊరు వెళ్లినప్పుడే అది గుర్తుగా పనికొస్తుంది. కందుకూరి వీరేశలింగం పంతులు 1848లో రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆయన ఇంటిపేరు మాత్రం దక్షిణాన ఉన్న కందుకూరును తలపిస్తుంది. అంటే ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు తరచుగా మనం వచ్చిన ఊరిని కాక, అంతకు ముందు మన పూర్వీకులు విడిచిన ఊరిని చెబుతుంది. ఖరగ్‌పూర్ విద్యార్థి తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఉండవచ్చు. ఆయన ఇంటిపేరు అంతకన్నా పాత వలసను చూపవచ్చు.

ఇతర దేశాల్లోనూ ఇంతే. స్కాట్లాండ్‌లో 'మరే' అనే ఇంటిపేరు మొరే అనే ప్రాంతం నుంచి పుట్టింది. మన గ్రామాల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్ వాడే. ఆయన ఇంటిపేరుకు 'కెన్నెత్ కుమారుడు' అని అర్థం. అంటే అది ఊరిని కాక మూలపురుషుణ్ణి చెబుతుంది.

రెండు జాగ్రత్తలు

ఒకే ఇంటిపేరు ఉన్నవారంతా ఒకే కుటుంబం కాదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కుటుంబాలు బయలుదేరి ఉండవచ్చు. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉండవచ్చు కూడా. రెండవది, ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది. మీ ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి 8 మంది. ఇంటిపేరు వారిలో ఒక్కరి నుంచే మీకు చేరింది. పది తరాలు వెనక్కి వెళితే 1,024 స్థానాల్లో ఒక్కటే. మిగిలిన శాఖల గురించి అది ఏమీ చెప్పదు.

ఆధారం చెరిగిపోయే తీరు

తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది. బెంగాలీలో అది చివర వస్తుంది. కందుకూరి అప్పారావు అనే వ్యక్తి ఖరగ్‌పూర్‌లో ఉద్యోగంలో చేరాడనుకుందాం. కాగితాల్లో అతడు 'కె. అప్పా రావు' అవుతాడు. చివరి మాట కాబట్టి 'రావు'నే ఇంటిపేరు అనుకుంటారు. కొడుకు బడిలో 'రమేష్ రావు'గా చేరతాడు. మొదటి మెట్టులో 'కందుకూరి' ఒక్క అక్షరంగా కుదించుకుపోయింది. ఆ అక్షరం కొల్లూరి కావచ్చు, కొండపల్లి కావచ్చు. రెండవ మెట్టులో ఆ అక్షరం కూడా పోయింది. 'రావు' గౌరవ సూచకమే గాని, ఊరి జాడ చెప్పదు.

1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించి, తరువాత 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరిని దేశమంతా 'గిరి' అనే పిలిచింది. ఆయన ఇంటిపేరు వరాహగిరి. అది మొదటి 'వి'లో దాగి ఉంది.

మీరు చేయవలసిన పని

మీ ఇంటిపేరు పూర్తిగా రాయండి. అది ఊరి పేరా, వృత్తి పేరా, మరొకటా చూడండి. నాయనమ్మ, అమ్మమ్మల పుట్టింటి పేర్లు అడిగి రాసుకోండి. కాగితాల్లో అవి దొరకడం కష్టం. తాతగారి పాత సర్వీసు పుస్తకం, పెళ్లి శుభలేఖలు ఉంటే వాటిలోని పేర్లతో సరిపోల్చండి. పెద్దలు చెప్పినదాన్ని, కాగితంలో ఉన్నదాన్ని వేర్వేరు వరుసల్లో రాయండి. రెండూ ఎక్కడ విడిపోయాయో చూస్తే, మీ కుటుంబంలో పేరు ఏ తరంలో మారిందో మీకే తెలుస్తుంది. చెప్పగల పెద్దలు ఇంట్లో ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.