పెద్ద చేపల తొట్టిలో నిలిచే మొక్క ఏది?

ప్రొద్దుటూరు: సాయంత్రం గాజు తొట్టిలో పచ్చని మొక్క నాటుతారు. తెల్లారేసరికి అది వేళ్లతో సహా నీటిపై తేలుతుంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ వంటి పెద్ద చేపలు పెంచేవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. మొక్క నాసిరకమని అంగడివాణ్ణి తిట్టుకుని మరొకటి తెస్తారు. దాని గతీ అంతే. నిజానికి లోపం మొక్కలో లేదు. మట్టి తవ్వడం ఆ చేపల నైజం.

ఈ చేపల జాతి మన పల్లెలకు కొత్తదేమీ కాదు. చెరువుల్లో వలకు పడే తిలాపియా వీటికి దాయాది. కొందరు దాన్నే జిలేబి చేప అంటారు. ఇవన్నీ సిక్లిడ్ కుటుంబానివే. తిలాపియాను ఆహారం కోసం 1952లో మన దేశానికి తెచ్చారు. గుడ్ల కాలంలో మగ తిలాపియా చెరువు అడుగున పళ్లెం వంటి గుంట తవ్వుతుంది. అమెజాన్ ప్రాంతపు ఆస్కార్ గాజు తొట్టిలో చేసేదీ ఆ పనే. అడుగు పొడవు పెరిగే చేప తవ్వితే లేత వేరు నిలవదు.

అందుకే ఇసుకలో నాటనక్కరలేని మొక్కలను ఎంచుకోవాలి. జావా ఫెర్న్, అనూబియాస్ అటువంటివి. వీటి ఆకులు దళసరి. దుంపను ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. రాతికో, మొద్దుకో గాలం దారంతో గట్టిగా కట్టాలి. మనీప్లాంటు ఇంకా చవక. దాని వేళ్లు మాత్రమే నీటిలో, ఆకులు తొట్టి బయట ఉండాలి. చేపల రెట్టతో నీటిలో చేరే నత్రజనిని వేళ్లు పీల్చుకుంటాయి. రిబ్బను వంటి ఆకుల వల్లిస్నేరియా కావాలనుకుంటే మట్టికుండీలో నాటి, పైన పెద్ద గులకరాళ్లు పేర్చాలి. ఇది గట్టి నీటిని కూడా తట్టుకుంటుంది కాబట్టి బోరునీరు వాడేవారికి అనుకూలం.

మొక్క కట్టే రాయిని కూడా చూసుకోవాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు దొరికే నాపరాయి సున్నపురాయి. నీరు పుల్లబడితే అది కొద్దికొద్దిగా కరిగి, నీటిని మరింత గట్టిపరుస్తుంది. రాతిపై వినెగర్ చుక్క వేస్తే నురగ వస్తుందేమో చూడాలి. నురగ రాని గ్రానైట్, పలుగురాళ్లు మేలు. బరువైన రాళ్లను ముందుగా తొట్టి అడుగున కుదురుగా పెట్టి, తర్వాత ఇసుక పోయాలి. ఇసుక మీద పెడితే చేప కింద తవ్వుతుంది. రాయి దొర్లి అద్దం పగులుతుంది.

పులివెందుల ప్రాంతంలో అరటి, చీనీ తోటల పక్క కాలువల నుంచి నాచు తెచ్చి వేయాలనుకునేవారు జాగ్రత్త పడాలి. పురుగుమందు అంటిన నాచు చేపను చంపవచ్చు. మందు కొట్టే చోటి నుంచి నాచు తేకూడదు. ఎక్కడి నుంచి తెచ్చినా బాగా కడిగి, వేరే బకెట్టులో రెండు వారాలు ఉంచి, నీరు మారుస్తూ ఉండాలి.

చేప తొట్టికి మించి పెరిగిందని కాలువలో వదలడం, మిగిలిన మొక్కలను చెరువులో పారవేయడం మాత్రం పనికిరాదు. చెరువులను కప్పేసే గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు అందమైన పూలకోసం దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి తెచ్చిన మొక్కే. చిత్రావతి నీరు పెన్నలో కలుస్తుంది. పెన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పోతుంది. ఒకచోట వదిలిన చేప మరోచోట జాలరి బతుకు మీదికి వస్తుంది. పెంచలేని చేపను అంగడికే తిరిగి ఇవ్వాలి. వద్దనుకున్న మొక్కలను ఎండలో బాగా ఎండబెట్టాకే పారవేయాలి. ఒక్క ఆస్కార్‌కైనా కనీసం నాలుగడుగుల తొట్టి కావాలి. అంత చోటు లేనివారు చిన్న చేపలతో సరిపెట్టుకోవడం మంచిది.