గురి చెడకుండా గుళ్ల ఖర్చు తగ్గేదెలా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: పిస్టల్ కొనడం ఒక్కసారి అయ్యే ఖర్చు. గుళ్లు కొనడం నెలనెలా తప్పని ఖర్చు. పిల్లలు షూటింగ్ నేర్చుకుంటామని పట్టుబట్టినప్పుడు తూర్పు హైదరాబాద్‌లోని మధ్యతరగతి తల్లిదండ్రులు మొదటి ఖర్చుకు ఎలాగోలా సిద్ధపడతారు. రెండోది అనుభవంలోకి వచ్చాకే తెలుస్తుంది. ఆ భారం మోయలేక సాధన మధ్యలో ఆగిపోతే అప్పటివరకు పెట్టినదంతా వృథాయే.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో 60 గుళ్లు పేల్చాలి. ముందుగా గురి సరిచూసుకునే గుళ్లు అదనం. సాధనలో రోజుకు 75 చొప్పున వారానికి ఐదు రోజులు పేలిస్తే 375 అవుతాయి. ఏడాదికి 19,500. డబ్బాకు 500 గుళ్లు వస్తాయి కనుక 39 డబ్బాలు కావాలి. డబ్బా వెయ్యి రూపాయలు అనుకుంటే ఏటా రూ.39 వేలు గుళ్లకే పోతాయి. ధర ఎంతైనా లెక్క వేసే తీరు ఇదే.

అయితే రోజూ అన్ని గుళ్లు పేల్చి తీరాలా? అక్కరలేదన్నది అనుభవజ్ఞుల మాట. వారంలో రెండు రోజులు పూర్తి పోటీ తరహాలో 75 చొప్పున, మరో రెండు రోజులు 30 చొప్పున పేల్చి, ఐదో రోజు గుండు లేకుండానే సాధన చేస్తే వారానికి 210 సరిపోతాయి. అంటే ఏడాదికి 22 డబ్బాలు. మిగిలిన 17 డబ్బాల సొమ్ముతో పోటీల ప్రవేశ రుసుము, ప్రయాణ ఖర్చు కొంతవరకు గట్టెక్కుతాయి.

గుండు లేని సాధనే అసలు పాఠం

గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఈ పద్ధతిని డ్రై ఫైరింగ్ అంటారు. ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా దీన్ని చిన్నచూపు చూడరాదు. పేలిన చప్పుడు, గుండు ఎక్కడ తగిలిందన్న ఆత్రుత లేకపోవడంతో ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చేయి ఎటు జారుతున్నదో స్పష్టంగా తెలుస్తుంది. ఖాళీ గోడకు ఎదురుగా నిలబడి సైట్ల పైనే చూపు నిలిపితే చాలు. గురి కావాలంటే కొలత తగ్గించుకోవచ్చు. పది మీటర్ల లక్ష్యంలో నల్లని వృత్తం 59.5 మి.మీ. ఉంటుంది. ఐదు మీటర్ల గదిలో సుమారు 30 మి.మీ. వృత్తం గీసి, మధ్య బిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండేలా అంటిస్తే అదే దృశ్యం కళ్ల ముందుంటుంది.

నగరం ఈ చివర ఉన్నవారికి ఇది మరీ అవసరం. షూటింగ్ రేంజి ఉన్నది గచ్చిబౌలి వైపు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి మళ్లీ రోడ్డు మార్గాన వెళ్లాలి. చదువుకునే పిల్లలకు రోజూ అయ్యే పని కాదు. దూరభారం ఈ వైపు వారికే పరిమితం కాదు. సికింద్రాబాద్‌కు చెందిన ఈషా సింగ్ కోసం కుటుంబం ఇంటి వద్దే కాగితపు లక్ష్యాలతో సాధనకు ఏర్పాట్లు చేసింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె నాలుగు పతకాలు సాధించడం విశేషం. అయితే గోడకు గోడ ఆనుకుని ఉండే అపార్టుమెంట్లలో, హాస్టల్ గదుల్లో నిజమైన గుళ్లు పేల్చడం ఎంతమాత్రం తగదు. డ్రై ఫైరింగ్‌కు కూడా పిస్టల్ ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకోవాలి. గుళ్ల డబ్బా వేరే గదిలో ఉండాలి. కిటికీ తెరలు వేసుకోవాలి. పొరుగువారు హడలిపోతే వచ్చే తంటా గుళ్ల ఖర్చు కన్నా పెద్దది.

ఆదా ఎక్కడ కూడదు?

పేల్చిన గుళ్లను ఏరి మళ్లీ వాడటం కొందరికి అలవాటు. సీసపు గుండు ఒకసారి తగలగానే ఆకారం కోల్పోతుంది. దాన్ని తిరిగి వాడితే గురి కుదరదు సరికదా బ్యారెల్ దెబ్బతింటుంది. పోటీకి ముందు రకం మార్చడమూ అంతే. నిలబడే తీరు నేర్చుకునే దశలో చౌక రకం చాలు. పోటీ దగ్గరపడినప్పుడు మాత్రం తన పిస్టల్‌కు నప్పిన రకం, అదీ ఒకే లాట్‌కు చెందినది వాడాలి. నలుగురైదుగురు కలిసి ఒకే లాట్ డబ్బాలు టోకున కొంటే ధరలోనూ వెసులుబాటు దొరుకుతుంది. డబ్బా కింద పడితే గుళ్ల అంచులు నొక్కుకుపోతాయి. వాటిని వేరుచేసి సన్నాహక గుళ్లుగా వాడుకోవచ్చు. సీసం విషతుల్యం కనుక సాధన ముగిశాక సబ్బుతో చేతులు కడగనిదే ఏమీ తినరాదు.

ఎయిర్ పిస్టల్ నుంచి 25 మీటర్ల పాయింట్ 22 పిస్టల్‌కు మారాలనుకునేవారి లెక్క పూర్తిగా వేరు. 4.5 మి.మీ. వ్యాసం, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అవసరం లేదు. పాయింట్ 22కు మాత్రం ఆయుధ చట్టం వర్తిస్తుంది. తూటాలు లైసెన్సుపైనే కొనాలి, వాటికి పరిమితి, లెక్క ఉంటాయి. లైసెన్సు లేనివారికి గుర్తింపు పొందిన క్లబ్బు ద్వారా సాధనే మార్గం. పెట్టెకు 50 తూటాలు వస్తే పోటీకి కావలసినవి 60, గురి సరిచూసుకునేవి అదనం. అంటే ఒక్క పూట సాధనకే పెట్టె చాలదు. పైగా ఖాళీ చాంబర్‌పై ట్రిగ్గర్ నొక్కితే చాలా పాయింట్ 22 పిస్టళ్లలో పిన్ను, చాంబర్ అంచు పాడవుతాయి. డమ్మీ తూటా పెట్టి సాధన చేయాలి. అందుకే ట్రిగ్గర్‌పై పట్టు ఎయిర్ పిస్టల్‌తోనే సాధించి, ఆ తర్వాతే ఈ విభాగంలోకి అడుగుపెట్టాలని శిక్షకులు సూచిస్తుంటారు.