శ్లాబు మీద నిలిచే నీటి బరువు

చలిదేశాలలో శీతాకాలం వస్తే ఇంటి పైకప్పు మీద ఎక్కువగా పేరుకున్న మంచును కొన్నిసార్లు తొలగించవలసి వస్తుంది. దెందులూరులో మంచు కురవదు. ఇక్కడ పైకప్పుకు పరీక్ష వానలు, తుపానుల కాలం. రెండుచోట్లా సూత్రం ఒకటే: కిందికి దిగని నీరు ఏ రూపంలో ఉన్నా బరువే.

ఒక చదరపు మీటరుపై ఒక సెంటీమీటరు లోతున నిలిచిన నీరు 10 లీటర్లు, అంటే 10 కిలోలు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గది శ్లాబుపై 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే, 12 × 5 × 10 = 600 కిలోలు. మనుషులు తిరిగే చదునైన పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల అదనపు భారాన్ని, అంటే సుమారు 150 కిలోలను, లెక్కలోకి తీసుకోమంటుంది. తూము ఆకులతో పూడి పిట్టగోడల మధ్య నీరు 15 సెంటీమీటర్లకు చేరితే ఆ హద్దు నిండినట్లే.

బరువుకన్నా తరచుగా కనిపించే నష్టం చెమ్మ. పగుళ్ల గుండా దిగిన నీటివల్ల ఇనుప చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును నెడుతుంది. అప్పుడు పెచ్చులు ఊడతాయి.

కాబట్టి మీరు గమనించవలసినవి:

1. వానలకు ముందే తూములు శుభ్రం చేసి, ఒక బిందె నీరు పోసి చూడండి.
2. తూము వైపు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం ఉండాలి.
3. పగుళ్లను ఎండాకాలంలోనే పూడ్పించండి.
4. ఈదురుగాలి, ఉరుములు ఉన్నప్పుడు డాబా ఎక్కవద్దు.

అభ్యాసం: మీ ఇంటి శ్లాబు కొలిచి, 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే పడే బరువు లెక్కించండి.