తీగ లేకుండా ప్రింటరుతో మాటామంతీ

మా పక్కింట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఈ మధ్య వాళ్ళింటికి ఒక ప్రింటరు వచ్చింది. అచ్చువేసే పనీ, స్కాను చేసే పనీ రెండూ అదే చేస్తుంది. తీగ అక్కర్లేదు, వై-ఫై మీద నడుస్తుంది. ఇంట్లో ఉన్న కంప్యూటరేమో పాతది. విండోస్ బరువు మొయ్యలేక చతికిలబడుతుంటే వాళ్ళన్నయ్య అందులో లినక్స్ వేశాడు. అప్పట్నుంచి బాగానే నడుస్తోంది. చిక్కల్లా ప్రింటరు పెట్టె విప్పాకే వచ్చింది. లోపలి డిస్కు మీద విండోస్ పేరుంది, మాక్ పేరుంది, లినక్స్ పేరు మాత్రం లేదు. దుకాణంలో అడిగితే "లినక్సుకు ఇది పనిచెయ్యదమ్మా" అన్నారట. మర్నాడేమో బళ్ళో సైన్సు ప్రాజెక్టు ఇవ్వాలి.

"మాస్టారూ, ప్రింటరు వెనక్కి ఇచ్చెయ్యమంటారా? లేకపోతే మళ్ళీ విండోస్ కొనమంటారా?" అంటూ ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చింది.

రెండూ అక్కర్లేదన్నాను. అసలా డిస్కే అక్కర్లేదన్నాను. ఆమె నమ్మలేదు. మీరూ నమ్మకండి. ముందు కంప్యూటరుకూ ప్రింటరుకూ మధ్య జరిగే సంభాషణ ఏమిటో చూడండి, నమ్మాలో వద్దో తరవాత తేల్చుకోవచ్చు.

వై-ఫై అంటే రేడియోయే గదా! మన ఇళ్ళలో ఎక్కువగా వాడే వై-ఫై తరంగం సెకనుకు సుమారు 240 కోట్లసార్లు కంపిస్తుంది. కాంతివేగాన్ని ఈ సంఖ్యతో భాగించి చూడండి. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మీ జానలో సగం కంటె కాస్త ఎక్కువ. ఇంకో రకం వై-ఫై ఉంది. దాని కంపనాలు రెట్టింపు పైన, అంటే సెకనుకు 500 కోట్లకు పైగా. దాంట్లో వేగం ఎక్కువే గాని, గోడలు దాటేసరికి బాగా నీరసించిపోతుంది. చవక ప్రింటర్లలో చాలావాటికి మొదటి రకమే వినిపిస్తుంది. మీ రౌటరు రెండు పేర్లతో కనిపిస్తూ ఉంటే, ప్రింటరును ఆ మొదటి పేరుకే కలపాలి. కంప్యూటరు రెండో పేరు మీద ఉన్నా ఇబ్బంది లేదు. ఇద్దరి మాటలూ అటూ ఇటూ అందించేది ఆ రౌటరే.

మరి ప్రింటరుకు సంకేతపదం చెప్పేదెలా? దానికి కీబోర్డు లేదు గదా! చిన్న తెర ఉన్న ప్రింటరైతే దాని మీదే వేలితో టైపు చెయ్యవచ్చు. తెర లేకపోతే, చాలా రౌటర్లకు డబ్ల్యు.పి.ఎస్. అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కి, రెండు నిమిషాలలోపు ప్రింటరు మీద అలాంటి మీటే నొక్కితే రెండూ చేతులు కలుపుతాయి. కొన్ని ప్రింటర్లకు ఈ ఒక్క మెట్టు కోసం ఫోనులో కంపెనీవారి ఆప్ వాడక తప్పదు. ఈ మెట్టుకూ లినక్సుకూ సంబంధమే లేదు. ప్రింటరు మీద నీలి దీపం మిణుకుమిణుకుమనటం మాని నిలకడగా వెలిగిందంటే, సాధారణంగా అది ఇంట్లో మనిషి అయిపోయినట్టే.

ఇక అసలు సంగతికి వద్దాం. ఇంట్లోకి ప్రింటరు వచ్చిందని కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

కొత్త మాస్టారు హాజరుపట్టీ లేకుండా తరగతిలో అడుగుపెట్టారనుకోండి. "ఈ గదిలో తబలా వాయించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడుగుతారు. అందరికీ వినిపిస్తుంది. తబలా వచ్చినవాడు ఒక్కడే లేచి తన పేరు చెబుతాడు. మన కంప్యూటరు చేసేదీ ఇదే. 224.0.0.251 అనే చిరునామాకు ఒక కేక వేస్తుంది. అది ఏ ఒక్క యంత్రానికీ చెందిన చిరునామా కాదు. ఇలాంటి కేకలు వినదలచుకున్న యంత్రాలన్నీ చెవి పెట్టి ఉంచే చోటు. "ప్రింటర్లున్నారా?" అన్న ప్రశ్న వినగానే ప్రింటరు జవాబిస్తుంది. తన పేరు ఇది, తన చిరునామా 192.168.1.7, తనకు రంగులు వచ్చు, కాగితానికి రెండువైపులా అచ్చువెయ్యటం రాదు, ఇలా. లినక్సులో ఈ కేకలు వేసి జవాబులు పోగుచేసే ప్రోగ్రాము పేరు అవాహి. పేరు వింతగా ఉంది గదూ? అవాహి అనేది మడగాస్కర్ అడవుల్లో రాత్రిళ్ళు తిరిగే లీమరు జాతి జంతువు. సంస్కృతంలో ఆవాహన అంటే పిలవటం కాబట్టి పేరు మనదేనేమో అనుకున్నాను మొదట. కాదు.

ఇక్కడొక చిన్న జాగ్రత్త చెప్పాలి. ఆ 192.168.1.7 అనే అంకెను గోడ మీద రాసి పెట్టుకోకండి. అది రౌటరు ఇచ్చిన అద్దె నంబరు. ప్రింటరును ఆపి మళ్ళీ పెడితే మారవచ్చు. పేరు మాత్రం మారదు. కంప్యూటరు గుర్తు పెట్టుకునేది ఆ పేరునే.

పేరు తెలిసింది, చిరునామా తెలిసింది. ఇక ఏ భాషలో మాట్లాడాలి? దుకాణంలో "పనిచెయ్యదమ్మా" అన్న మాట వెనక ఉన్నది ఈ ప్రశ్నే. ఒకప్పుడు ఆ మాట నిజం కూడా. ఒక్కో కంపెనీ తన ప్రింటర్లకు ఒక్కో సొంత భాష నేర్పేది. ఆ భాషకు దుబాసీగా పనిచేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పెట్టెలోని డిస్కులో ఉండేది అదే. ఆ దుబాసీకి విండోస్ మాటలే తెలుసు. అతనికి తెలిసిన భాషేమో కంపెనీ బయటపెట్టదు. లినక్స్ అభిమానులు ఎన్నో ప్రింటర్లకు తీగలో పోయే సంకేతాలను గమనించి, ఏ సంకేతానికి ఏం జరుగుతోందో ఊహించి, తామే డ్రైవర్లు రాశారు. గుహలో దొరికిన శాసనం చదివినట్టన్నమాట.

అసలు లినక్స్ పుట్టుక వెనక కూడా ఒక ప్రింటరు తగువు ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఐ.టి. వారి కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజరు ప్రింటరు ఇచ్చింది. దాంట్లో కాగితం తరచు ఇరుక్కునేది. ప్రింటరేమో ఒక గదిలో, పనిచేసేవాళ్ళు ఇంకెక్కడో. కాగితం ఇరుక్కుందన్న సంగతి తెలియక జనం వెళ్ళి చూసేసరికి ఒక్క పేజీ కూడా వచ్చి ఉండేది కాదు. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్, అంతకు ముందున్న ప్రింటరుకు ఒక ఉపాయం చేశాడు. కాగితం ఇరుక్కోగానే, పని పంపినవాళ్ళ తెరల మీద ఆ వార్త వచ్చేటట్టు దాని ప్రోగ్రామును మార్చాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే ప్రోగ్రాము మూలపాఠం లేదు. అది దగ్గరున్న ఒక పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానంటూ నిరాకరించాడు. యంత్రం మన ముందే ఉంది, బాగుచెయ్యటం మనకు తెలుసు, అయినా చెయ్యనివ్వరు! అది అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. మూలపాఠం అందరికీ అందుబాటులో ఉండే ప్రోగ్రాములు తయారుచేస్తానని 1983లో స్టాల్‌మన్ ప్రకటించాడు. ఆ పథకం పేరు గ్నూ. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ గర్భభాగం వీటితో కలిసింది. ఈనాడు మనం వాడుతున్నది ఆ రెంటి కలయికే.

ఇంతకీ భాషల తగాదా ఎలా తీరింది? 1999లో ఐ.పి.పి. అనే ఉమ్మడి భాష నియమాలు వెలువడ్డాయి. వాటిని ఎవరైనా చదువుకోవచ్చు. అదే సంవత్సరం మైకేల్ స్వీట్ తయారుచేసిన కప్స్ అనే ప్రోగ్రాము కూడా బయటికొచ్చింది. లినక్సులో అచ్చు పనులన్నీ చూసుకునేది ఇదే. అయినా కంపెనీలు సొంత భాషలు వదల్లేదు. వాటి చేత వదిలించినవి ఫోన్లు. జేబులో పట్టే ఫోనులో వేలకొద్దీ ప్రింటర్లకు వేలకొద్దీ దుబాసీలను ఎక్కడ దాచగలం? 2010లో ఆపిల్ కంపెనీ తన ఫోన్ల కోసం ఎయిర్‌ప్రింట్ అనే పద్ధతి తెచ్చింది. దానికి పునాది ఈ ఐ.పి.పి.యే. ఫోనుతో పనిచెయ్యని ప్రింటరును ఎవరు కొంటారు? అందరూ ఉమ్మడి భాష నేర్పక తప్పలేదు. ఫోన్ల పుణ్యమా అని లినక్సుకూ దారి దొరికింది. కనుక ప్రింటరు పెట్టె మీద లినక్స్ పేరు కోసం వెతకకండి. ఎయిర్‌ప్రింట్ అని గాని, మోప్రియా అని గాని ఉందేమో చూడండి. ఉంటే, దాదాపుగా మీ లినక్సుకూ అది పనికొస్తుంది.

ఐ.పి.పి.లో మాట మొదలయ్యే తీరు ముచ్చటగా ఉంటుంది. కంప్యూటరు ముందు పని పంపదు. "నీకేం వచ్చు?" అని అడుగుతుంది. ఏ సైజు కాగితాలు వచ్చు, అంగుళానికి ఎన్ని చుక్కలు పెట్టగలదు, సిరా ఎంత మిగిలింది, అన్నీ ప్రింటరే చెబుతుంది. ఆ జవాబును బట్టి కప్స్ పేజీని తయారుచేసి పంపుతుంది. ప్రింటరే తన సంగతి తాను చెప్పుకుంటుంటే ఇక దుబాసీతో పనేముంది?

మరి తెలుగు అక్షరాల మాటేమిటని మీరడగవచ్చు. ప్రింటరుకు తెలుగు రాదు. ఇంగ్లీషూ రానక్కర్లేదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి కంప్యూటరు లోపల ఆరు సంకేతాలున్నాయి. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. వీటిని చేర్చి ఒత్తులు ఎక్కడ పెట్టాలో తేల్చేది కంప్యూటరే. ప్రింటరుకు చేరేది ఆకారాలు, లేదా వట్టి చుక్కలు. తెర మీద సరిగ్గా ఉన్న తెలుగు కాగితం మీద కూడా సరిగ్గానే రావాలి. తెర మీదే డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదన్నమాట. ప్రింటరును తిట్టి లాభం లేదు.

స్కానరు పని దీనికి తలకిందులు. గాజుపలక కింద సన్నని దీపం, దాని పక్కనే కాంతిని కొలిచే కణాల వరస ఉంటాయి. మోటారు వాటిని కొంచెం కొంచెంగా జరుపుతూ ఉంటే, ఒక్కో గీత చొప్పున పేజీ అంతా అంకెలుగా మారుతుంది. ఒక లెక్క చేద్దాం. ఎ-4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు. హెచ్చిస్తే సుమారు 87 లక్షలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలు. మొత్తం 2 కోట్ల 60 లక్షల బైట్లు! అంగుళానికి 600 చుక్కలు కావాలంటే ఇది రెట్టింపు కాదు, నాలుగింతలు. అందుకే గాలిలో పంపే ముందు స్కానరు బొమ్మను బాగా కుదిస్తుంది. చదువుకునే కాగితాలకు 300 చాలు. నా మాట విని 600 జోలికి పోకండి.

అచ్చు బాగానే వచ్చి స్కానరు మాత్రం కనపడకపోతే కంగారుపడవద్దు. ఒకే పెట్టెలో ఉన్నా అవి రెండూ వేరు సంభాషణలు. స్కానర్లకు ఈ-ఎస్.సి.ఎల్. అనే వేరే ఉమ్మడి భాష ఉంది. లినక్సులో స్కానర్లను చూసుకునేది సేన్ అనే ప్రోగ్రాము. దానికి ఆ భాష నేర్పే చేర్పు సేన్-ఎయిర్‌స్కాన్. ఇటీవలి లినక్సుల్లో చాలావాటిలో ముందే ఉంటుంది. లేకపోతే సాఫ్ట్‌వేర్ల పట్టికలో వెతికి చేర్చుకోండి. తరవాత డాక్యుమెంట్ స్కానర్ అనే ఆప్ తెరిస్తే చాలు.

ఇంత తెలిశాక, పని జరగనప్పుడు ఏ ప్రశ్నకు జవాబు రాలేదో చూడటమే మిగిలింది. ప్రింటరు పేరే కనపడలేదా? కేక దానికి చేరలేదు. కంప్యూటరు అతిథుల వై-ఫైలో ఉందేమో చూడండి. అక్కడివాళ్ళను ఇంట్లోవాళ్ళతో రౌటరు మాట్లాడనివ్వదు. ఫైర్‌వాల్ ఉంటే 5353 అనే ద్వారం మూసి ఉందేమో చూడండి. పేరు కనిపించి, పంపిన పని మాత్రం కదలకుండా కూర్చుందా? బ్రౌజరులో లోకల్‌హోస్ట్, రెండు చుక్కలు, 631 అని ఇంగ్లీషులో టైపు చెయ్యండి. కప్స్ వారి సొంత పేజీ వస్తుంది. ప్రింటరు వరస ఆగిపోయి ఉంటే అక్కడే మళ్ళీ నడిపించవచ్చు. కాగితం తెల్లగా వచ్చిందా? అది సిరా గొడవ. ఇంట్లో రౌటరే లేకపోతే తీగ వాడండి. కొత్త ప్రింటర్లలో చాలావరకు తీగలో కూడా ఈ ఐ.పి.పి.నే మాట్లాడతాయి. అయితే పదిహేనేళ్ళ కిందటి పాత ప్రింటరు దొరికితే మాత్రం నేనేమీ హామీ ఇవ్వలేను. దానికి ఎవరో పుణ్యాత్ములు డ్రైవరు రాసి ఉంటే సరి, లేకపోతే లేదు.

ఆ అమ్మాయి ఇంట్లో మేం రౌటరు మీట, ప్రింటరు మీట నొక్కాం. కంప్యూటరులో సెట్టింగులకు వెళ్ళి ప్రింటర్లు అన్నచోట చూస్తే దాని పేరు అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. డిస్కు పెట్టెలోనే ఉండిపోయింది. ప్రాజెక్టు పన్నెండు పేజీలు. నాలుగో పేజీ దగ్గర టకటకమని చప్పుడై ప్రింటరు ఆగింది. మేం లేచి వెళ్ళేలోపలే, కాగితం ఇరుక్కుందని కంప్యూటరు తెర మీద వార్త వచ్చింది.